బల్ల దగ్గర నుంచి లేచినవాడు

యెరూషలేము
నీసాను నెల, పస్కా వెళ్ళిన ఐదో రోజు

అంతియొకయలో నూనె వ్యాపారం చేసుకుంటున్న బావమరిది బెరెక్యాకు, బావ ఎల్యాకీము వ్రాసేది. నీకూ నీ ఇంటికీ సమాధానం కలగాలి. నీ అక్క మహలా క్షేమంగా ఉంది. నిన్ను అడిగానని రాయమంది. రాశాను. ఇక నేను అడిగేది విను.

పండుగకు మీ ఊరి నుంచి వచ్చిన తోళ్ళ వర్తకుడొకడు దేవాలయం మెట్ల దగ్గర కనిపించాడు. నీ పేరు చెప్పగానే అతని ముఖం వెలిగిపోయింది.

"మీ బావమరిదిగారింట్లో బాగా పెడతారండీ. ఎవరెళ్ళినా పెడతారు. నేను బయలుదేరే ముందటి ఆదివారం అక్కడ సంఘం కూడినప్పుడు నా పక్కన ఒక గ్రీకాయన కూర్చున్నాడు. ఆయనే రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు."

"నువ్వు తీసుకున్నావా?" అన్నాను.

"ఆకలిగా ఉందండీ," అన్నాడు.

ఇదీ నీ ఇంటి కీర్తి. మనం యేసును మెస్సీయ అని నమ్మినవాళ్ళం కాబట్టి మోషే ఇచ్చిన ధర్మశాస్త్రం పాత చెప్పుల్లాగా గుమ్మం బయట వదిలేసినట్టేనా? యేసే పుట్టిన ఎనిమిదో రోజున సున్నతి పొందినవాడు. నువ్వూ అంతే. మరి నీ ఇంట్లో సున్నతి లేని గ్రీకులు నీ పళ్ళెంలో చెయ్యి పెడుతుంటే నువ్వు పాటలు పాడుతున్నావట. నేను ఇక్కడ సంఘానికి ఒక పెద్దను. నీ పేరు ఎత్తితే నేను తల దించుకోవాల్సి వస్తున్నది.

వాళ్ళకి నిజంగా దేవుడు కావాలంటే సున్నతి చేయించుకుని రమ్మను. లేదంటే వాళ్ళ బల్ల వేరుగా వెయ్యి. నీకు అన్నీ రెండుసార్లు చెప్పాలని మీ అక్క పెళ్ళినాడే తెలిసింది నాకు. అందుకే మళ్ళీ రాస్తున్నాను: వాళ్ళ బల్ల వేరుగా వెయ్యి.

ఎల్యాకీము


అంతియొకయ
సివాను నెల మొదట్లో

బావగారికి, బెరెక్యా నమస్కరించి వ్రాసేది.

మీ ముక్కు ఎంత గొప్పదండీ. పదిహేను రోజుల ప్రయాణం అవతల నుంచి మా పళ్ళెంలో ఏముందో వాసన పట్టేశారు. మీరు ఊహించుకున్నది లేదు. పప్పు, నదిచేపలు, అంజూరాలు. రొట్టె బార్లీది. వీటిలో దేనికి సున్నతి చేయించమంటారో చెబితే వెంటనే మనిషిని పిలిపిస్తాను.

తోళ్ళ వర్తకుడికి రొట్టె తుంచి ఇచ్చినాయన పేరు దియోక్లు. నలభై ఆరేళ్ళవాడు. ధనవంతుల ఇళ్ళలో నేల మీద రంగురాళ్ళు పొదిగి బొమ్మలు చేసే పని. ప్రభువును నమ్మాక దేవతల బొమ్మలు చెయ్యనన్నాడు. ఈ ఊళ్ళో దేవతలు వద్దంటే ఇంకేం మిగులుతుంది? చేపలూ, అంచు లతలూ. సగం పని పోయింది. దానికి బాధపడలేదు. యెరూషలేములో దేవాలయం పక్క వీధిలో కాపురముంటూ, పుట్టుకతో వచ్చిన దానికి గొప్పలు పోయేవాళ్ళను చూశాను నేను. ఇతను తనది వదులుకుని వచ్చాడు. తేడా మీకు అర్థం కాదులెండి.

మరొకటి. రెండేళ్ళ కిందట అక్కడ కరవు వచ్చినప్పుడు ఇక్కడి సంఘం సాయం పంపింది. దానితో కొన్న గోధుమల్లో దియోక్లు చెమట కూడా ఉంది. ఆ గింజలు ఎవరి చేతివని మీరు అప్పుడు అడగలేదు. అక్క రెండు పూటలా వండిందనే విన్నాను.

నేను ఒక్కటే చెబుతున్నాను. ప్రభువు అందరూ ఛీకొట్టే సుంకరులతో కూర్చుని తిన్నాడు. నేను దియోక్లుతో తింటాను. ప్రాణం పోయినా ఆ బల్ల దగ్గర నుంచి లేవను. ఎవరిని పంపుతారో పంపండి.

బెరెక్యా


యెరూషలేము
తమ్మూజు నెల

బెరెక్యాకు,

నువ్వు పంపమన్నావు, పంపుతున్నాను. షెమయా అనే ఆయన, తోడుగా మరొకరు వస్తున్నారు. షెమయా నిష్ఠాపరుడు, మాట తేలిగ్గా విడవడు. పెద్దల తరఫున వస్తున్నారు కాబట్టి మర్యాదగా చూడు. వాళ్ళకు ప్రత్యేకంగా వండించు.

ప్రాణం పోయినా లేవనని రాశావు. అంత శ్రమ వద్దు. పళ్ళెం మార్చుకుంటే చాలు.

ఎల్యాకీము


అంతియొకయ
ఆబు నెల చివర

బావగారికి నమస్కారాలు.

మీరు పంపినవాళ్ళు క్షేమంగా చేరారు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నది సన్నబడింది. ఈ ఏడు ఒలీవ కాపు బాగుంటుందంటున్నారు. అక్కకు మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? రెండు సీసాల నూనె ఈ ఉత్తరం తెచ్చేవాడి చేత పంపాను, రాసుకోమనండి.

షెమయాగారు మంచి బోధ చేశారు. అందరూ విన్నారు. వారికి మా నూనె నచ్చింది.

వేసవి కావడం చేత గది ఇరుకుగా ఉండి, కొన్నాళ్ళుగా మనవాళ్ళం లోపలి గదిలోనూ, తక్కినవాళ్ళు ముందు వసారాలోనూ తింటున్నాం. గాలి ఆడాలి కదా. ఇందులో మరో విశేషం లేదు. మధ్యలో నాకు కడుపులో కాస్త నలతగా ఉండింది. ఇప్పుడు పరవాలేదు.

బెరెక్యా


యెరూషలేము
తిష్రీ నెల, పర్ణశాలల పండుగ వెళ్ళాక

నా ప్రియమైన బావమరిదికి,

గాలి ఆడడం కోసమా? నీ ఉత్తరం చదివి ఎంతసేపు నవ్వానో మీ అక్కను అడుగు. షెమయా మొన్న తిరిగి వచ్చాడు. మా ఇంట్లో నలుగురి ముందు నువ్వు లేచిన తీరు నటించి చూపించాడు.

"గుమ్మంలో నేను కాలు పెట్టానో లేదో, మీ బావమరిది చేతిలో రొట్టెముక్క నోటిదాకా వెళ్ళింది. నన్ను చూశాడు. ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. నేనింకా నోరు తెరవలేదండీ. లేచి గోడ పక్కకి వెళ్ళి చేతులు తుడుచుకుంటున్నాడు."

"నువ్వేమీ అనలేదా?"

"అనడానికి అవకాశమిస్తేగా. వారం రోజులు వాదించాలని సిద్ధపడి వెళ్ళాను. పదిహేను రోజులు నడిచినందుకు నాకే చిన్నతనంగా అనిపించింది."

ప్రాణం పోయినా లేవనన్న మనిషివి కదా. ప్రాణం మాట అలా ఉంచు, చెప్పులు కూడా తొడుక్కోలేదట. ఎందుకు లేచావో కూడా తెలిసింది. మీ ఊళ్ళో యూదుల వీధుల్లో ఆరేడు ఇళ్ళవాళ్ళు నీ దగ్గర నూనె కొనడం మానేశారట, అన్యులు ముట్టిన ఇంటి నూనె అని. ఇప్పుడు మళ్ళీ కొంటున్నారట. నీ సిద్ధాంతం ఎంత లోతుందో ఆ జాడీలో గరిటె పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నీకంటే ఆ గ్రీకువాడే నయం. నీ దియోక్లు షెమయాను పక్కకు పిలిచి అడిగాడట, "ఈ వయసులో చేయించుకుంటే నొప్పి ఎన్నాళ్ళుంటుందండీ?" అని. షెమయా ఒక మనిషి పేరు చెప్పి వచ్చాడు. చూశావా, ఒక్క మాట గట్టిగా చెబితే రాళ్ళు పొదిగేవాడికి అర్థమైంది. ఇంట్లో సంఘం పెట్టుకుని బోధించే నీకు అర్థం కావడానికి రెండు ఉత్తరాలు, ఇద్దరు మనుషులు కావలసివచ్చారు.

ఎల్యాకీము


అంతియొకయ
మార్హెష్వాను నెల

ఎల్యాకీముగారికి,

మీ ఉత్తరం దియోక్లును పాతిపెట్టిన నాలుగో రోజున అందింది. నవ్వానని రాశారు. ఇంకా నవ్వడానికి ఉంటుందేమో, మొత్తం చెబుతాను.

షెమయా చెప్పినదంతా నిజం. అతను చూడనిది నేను చెబుతాను. నేను పళ్ళెంలో తిరిగి పెట్టిన రొట్టె దియోక్లు భార్య మెలిత్తా చేసినది. నేను లేవగానే దియోక్లు తల ఎత్తి చూశాడు.

"ఏమైంది బెరెక్యా? ఉప్పెక్కువైందా?"

"లేదు. కడుపులో బాగాలేదు."

అతను నమ్మాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ చేత పుదీనా కషాయం కాయించి పంపాడు. వేడిగా తాగమని చెప్పి పంపాడు. తాగాను. తాగి, ఆ సాయంత్రమే లోపలి గదిలో వేరే బల్ల వేయించాను. మూడు వారాలు అతను వసారాలో కూర్చుని తిన్నాడు. నాలుగో వారం తలుపు దగ్గరకొచ్చి అడిగాడు.

"నా పక్కన కూర్చుంటేనే వస్తుందా నీకు ఆ నొప్పి?"

నేను ధర్మశాస్త్రం గురించి మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను. మీరు విని ఉంటే మెచ్చుకునేవారు, అన్నీ మీ మాటలే. అతను చివరిదాకా విని, "అంతేనా, ముందే చెప్పొచ్చుగా," అని వెళ్ళిపోయాడు.

షెమయా పేరు చెప్పిన మనిషి దగ్గరకు ఒక్కడే వెళ్ళాడు. నాకు చెప్పలేదు. గాయం మానాక ఒకేసారి చెప్పి నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నాడట. "ఆయన్ని మళ్ళీ మన బల్ల దగ్గర కూర్చోబెడతాను, చూస్తూ ఉండు," అని మెలిత్తాతో అన్నాడట. మూడో రోజుకు గాయం వాచింది. ఐదో రోజుకు జ్వరం. నాకు కబురు వచ్చేసరికి మనిషిని గుర్తుపట్టడం లేదు. నేల మీద వేళ్ళతో వెతుకుతున్నాడు, రాయి సరిగా కూర్చోలేదంటున్నాడు. తొమ్మిదో రోజు పోయాడు.

మెలిత్తా ఏడవలేదు. నేను గుమ్మంలో నిలబడితే ఒక్కసారి చూసి, "లోపలికి రాకండి, మీ కడుపుకి పడదు," అంది.

ఇప్పుడు మీరు నవ్వండి. మీకు కావలసినది దొరికింది. ధర్మశాస్త్రం అక్షరం పొల్లుపోకుండా నెరవేర్చిన మనిషి ఒకడు మా ఊరి గోడ బయట పడుకుని ఉన్నాడు. నన్ను నేను ఏమని తిట్టుకోవాలో మీ దగ్గర నేర్చుకోనక్కర్లేదు. కాని మీరు మీ ఇంట్లో దీపం ముందు కూర్చుని, ఎవరి వల్లా ఏ ఆపదా లేని చోట కూర్చుని, మరొకరి ఒంటి మీద కోత గురించి ఉత్తరాలు రాశారు. అది మాత్రం నేను మరచిపోను.

ఇక్కడి సంఘం అక్కడి పెద్దల దగ్గరకు మనుషులను పంపుతోంది. షెమయాను ఎవరు పంపారో, ఎవరి అధికారంతో పంపారో అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకోండి.

బెరెక్యా


యెరూషలేము
కిస్లేవు నెల

తమ్ముడూ,

ఇది మీ బావ రాయించింది కాదు. నాకు రాయడం వచ్చని నీకు తెలుసు. ఆయనకే గుర్తుండదు.

నీ ఉత్తరం చదివి ఆయన అన్నం ముట్టలేదు. రెండు రోజులు మంచం మీదే. "ఏ ఆపదా లేని చోట" అని రాశావే, ఆ మాట మాత్రం మళ్ళీ మళ్ళీ చదివారు. మూడో రోజు అసలు సంగతి నాతో చెప్పారు, నీకు తెలియదు కాబట్టి నేను చెబుతాను.

పస్కాకు వారం ముందు ఊరి గోడలో మత్స్యపు గుమ్మం దగ్గర సంతలో ఆయన్ని పట్టుకున్నారు. పైబట్ట కింద కత్తి పెట్టుకుని తిరిగే కుర్రాళ్ళున్నారు ఇక్కడ, రోమీయులతో మాట్లాడినవాడల్లా ద్రోహి అంటారు.

"నీ బావమరిది అన్యుల ఎంగిలి తింటున్నాడటగా. నువ్వేం పెద్దమనిషివి?" అని గడ్డం పట్టుకుని ఈడ్చారు. రెండు పళ్ళు ఊడిపోయాయి. ఇంటికొచ్చి మెట్ల మీద జారానన్నారు. సంఘంలోనూ అదే చెప్పారు. మర్నాడు మా పొయ్యి పగలగొట్టి వెళ్ళారు. ఆ పొయ్యి ఏ మెట్ల మీద జారిందో నేను అడగలేదు.

తరవాతే నీకు ఆ మొదటి ఉత్తరం రాశారు. గీతలు దాటి కొక్కిరిబిక్కిరిగా రాశారు. అక్షరాలు చూసి నేను నవ్వాను కూడా, ముసలివారైపోయారని. షెమయా ఎవరనుకున్నావు? ఆ కుర్రాళ్ళలో ఒకడి మేనమామ. ఇతన్ని పంపితే వాళ్ళు మమ్మల్ని వదిలేస్తారనుకున్నారు. వదిలేశారు కూడా. పెద్దలెవ్వరూ పంపలేదు. మీ బావ ఒక్కరే పంపారు, పెద్దల పేరు పెట్టి.

నువ్వు నీ జాడీల కోసం లేచావు. ఆయన తన పళ్ళ కోసం మనుషుల్ని పంపారు. ఇద్దరూ మోషే పేరు చెప్పారు. మా వీధి భయం మీ ఊళ్ళో ఒకాయన ఒంటి మీద కోతయింది, పాపం. ఆ దియోక్లు నాకేమీ కాడు, నేను చూడనే లేదు. అయినా ఆయన చేసిన గోధుమల సాయం తిన్నాను, రెండు పూటలా, నువ్వన్నట్టే.

ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకోవడానికి మీ ఇద్దరికీ ఎంత చదువుందిరా. ఆ చదువులో పదో వంతు పెట్టి ఒక్క నిజం రాసుంటే సరిపోయేది. మీవాళ్ళు వచ్చాక జరిగే పెద్దల సభలో నిజం చెప్పేదాకా నేను ఈయన్ని నిద్రపోనివ్వను.

నీ అక్క
మహలా


యెరూషలేము
ఆదారు నెల

బెరెక్యాకు,

నీ అక్క నీకు రాసిన సంగతి తానే చెప్పింది. కాబట్టి పళ్ళ గురించి నేను రాయనక్కర్లేదు.

సభ జరిగింది. మీ ఊరి నుంచి వచ్చినవాళ్ళు, మా పెద్దలు, ధర్మశాస్త్రాన్ని గట్టిగా పట్టుకునే పరిసయ్యుల్లోంచి నమ్మినవాళ్ళు, అందరూ గదిలో పట్టక మెట్ల మీద కూడా కూర్చున్నారు. వాదన రెండు రోజులు సాగింది. సున్నతి లేనిదే రక్షణ లేదని ఒకరు, అది మన తాతలే మోయలేకపోయిన బరువని ఒకరు. సున్నతి కావాలని మాట్లాడేవాళ్ళకు ఇదివరకు నేనే మాటలు అందించేవాణ్ణి. ఈసారి వాళ్ళు నా వైపు చూశారు. నేను నేల చూశాను.

రెండో రోజు మీవాడొకడు లేచి, షెమయాను ఎవరు పంపారని అడిగాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మేం పంపలేదు," అన్నారు.

అప్పుడు నేను లేచాను. నువ్వు లేచినంత తేలిగ్గా లేవలేకపోయాను. ఇదే నీ మీద నా చివరి వెక్కిరింపు, భరించు.

"నేను పంపాను," అన్నాను. "ఎవరూ చెప్పలేదు. భయపడి పంపాను. దానివల్ల అంతియొకయలో ఒక మనిషి చచ్చిపోయాడు. అతని పేరు దియోక్లు."

వెనక నుంచి ఎవరో, "ఎంతకి కొన్నారయ్యా నిన్ను గ్రీకులు?" అన్నారు.

"పెద్ద ఖరీదేం కాదు నేను. రెండు పళ్ళకే అమ్ముడుపోయాను, అదీ మీవాళ్ళకి," అన్నాను. తర్వాత ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు.

తీర్పు నా మాట వల్ల వచ్చిందని అనుకోకు. నాకంటే పెద్దవాళ్ళు మాట్లాడారు. అన్యుల్లోంచి వచ్చినవాళ్ళ మీద సున్నతి భారం పెట్టకూడదన్నారు. విగ్రహాలకు పెట్టినది, రక్తం, గొంతు నులిమి చంపినది, వ్యభిచారం, ఇవి మానితే చాలన్నారు. ఉత్తరం రాసి మీవాళ్ళ చేతికే ఇచ్చారు. చిన్న ఉత్తరం. మనం ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడిన దానిలో సగం కూడా ఉండదు.

ఇప్పుడు నేను సంతకు వెళ్ళడం లేదు. మహలా వెళుతోంది. నన్ను సంఘం పెద్దల్లోంచి తీసేశారు. తియ్యకపోతే నేనే తప్పుకునేవాణ్ణి. వానలు తగ్గాక మేమిద్దరం అక్కడికి రావచ్చా? రావద్దంటే అర్థం చేసుకుంటాను.

ఎల్యాకీము


అంతియొకయ
అయ్యారు నెల

బావా,

సభ రాసిన ఉత్తరం వచ్చిన రోజు జరిగింది చెబుతాను. దాన్ని బట్టి మీరే నిర్ణయించుకోండి.

మా ఇంటి వసారాలో చదివారు. సున్నతి అక్కర్లేదన్న మాట రాగానే గ్రీకు మగవాళ్ళందరూ గట్టిగా ఊపిరి వదిలారు. కొందరు నవ్వారు, ఒకడు పాటందుకున్నాడు. నేనూ నవ్వబోయాను. మెలిత్తా స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆరు నెలలుగా ఆవిడ వస్తుంది, వింటుంది, వెళ్ళిపోతుంది. ఆవిడ చెయ్యెత్తగానే పాట ఆగింది.

"అందులో మా ఆయన పేరుందా?" అని అడిగింది.

చదివినాయన ఉత్తరం మళ్ళీ కిందిదాకా చూశాడు. "లేదమ్మా."

"ఇంత చిన్న ఉత్తరమేగా. పోయినేడు రాయడానికి చేతులు పడిపోయాయా మీకు?"

ఆవిడే వెళ్ళి లోపలి గదిలో నేను వేయించిన బల్ల కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుంటూ వసారాలోకి తెచ్చింది. సాయానికి వెళ్ళినవాళ్ళను దగ్గరకు రానివ్వలేదు. రెండు బల్లలూ కలిపింది. రొట్టె పెట్టింది. అందరూ కూర్చున్నారు. నేను గోడ పక్కనే నిలబడ్డాను. అక్కడే నిలబడడం న్యాయమనిపించింది.

"కూర్చోండి," అంది నాతో.

"నేను తరవాత..."

"మీరు కూర్చోకపోతే వీళ్ళెవరూ మొదలుపెట్టరు, అన్నీ చల్లారిపోతాయి. క్షమించి పిలుస్తున్నాననుకోకండి. నేను క్షమించలేదు. ఆయన మిమ్మల్ని ఈ బల్ల దగ్గర కూర్చోబెడతానన్నాడు. అందుకు కూర్చోండి."

కూర్చున్నాను. రొట్టె తుంచి నా ముందు పెట్టింది. తిన్నాను. ఒక్కో ముక్క మింగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి, నేను ఆఖరి ముక్క దాకా తినేవరకు చూసింది.

మా వీధుల్లో ఆరేడు ఇళ్ళు కాదు, ఇప్పుడు ఇరవై ఇళ్ళు నా నూనె మానేశాయి. కొట్టు మూసే రోజు వస్తుందేమో. రానీ.

మిమ్మల్ని రావద్దనే హక్కు నాకు లేదు. రండి, అక్కను తీసుకురండి. కాని ఒకటి తెలుసుకుని బయలుదేరండి. ఇక్కడ వారం వారం మెలిత్తాయే వడ్డిస్తుంది. మీ పేరు ఆవిడకు తెలుసు. మీ ముందు కూడా రొట్టె పెడుతుంది, మీరు తినేదాకా నిలబడి చూస్తుంది. తల దించుకోనివ్వదు.

బెరెక్యా